బేరమాడని గుమాస్తా

కర్టెన్ల కొట్టు, కౌంటర్ వెనక

పిచ్చుకా,

నేనే, మీ అన్నయ్యని. ఫోన్ చేయకుండా ఉత్తరాలేంటి అని కంగారుపడకు. గొంతు ఆపరేషన్ బాగానే అయింది. కాకపోతే లోపల పుండు పూర్తిగా మానేదాకా పెదవి విప్పొద్దన్నాడు డాక్టరు. గుసగుస కూడా వద్దట. కొన్ని నెలలు పడుతుందట! నాలాంటి వాడితో ఆ మాట అనడానికి ఆయనకి నోరెలా వచ్చిందో. మీ వదిన మాత్రం ఆయనకి రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. ఆపరేషన్ బాగా చేసినందుకని ఆయన మురిసిపోయాడు. అసలు సంగతి నాకు తెలుసు.

నోరు బంద్ అయింది కాబట్టి వేళ్ళకి పని పెరిగింది. కొట్లో మెడలో పలక వేసుకుని తిరుగుతున్నా. ఒకటో తరగతిలో చేరినట్టుంది. నీకు మాత్రం కంప్యూటర్లో టైపు చేస్తున్నా. వేగంగా కొడతా, తప్పులుంటే సర్దుకో.

ఇప్పుడు అసలు విషయం. మన వీధి మూల మీద రెండంతస్తుల లాడ్జి లేస్తోంది. గదులన్నిటికీ కర్టెన్లు కావాలి. ఆ యజమానురాలు, అందరూ మేడం అంటారులే, నోటి మాటలు నాకొద్దు, ఏం చేయగలరో కాయితం మీద రాసివ్వండి అని చెప్పి పంపింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ నోరే లేనివాడి సంగతేంటే? మామూలుగా అయితే ఒక్కసారి వెళ్ళి, గుడ్డ ఆవిడ చేతిలో పెట్టి, నాలుగు కబుర్లు చెప్పి ఆర్డరు చంకన పెట్టుకొచ్చేవాణ్ణి. ఎదురు వరసలో కర్టెన్ల కొట్టు పొడుగాయన తెలుసుగా, ఎప్పుడూ నా గిరాకీని కేకేసి లాక్కునేవాడు, ఆయన అప్పుడే రాసిచ్చేశాడని టాక్.

ఈ ఆర్డరు రాకపోతే ఖాళీ సీజనంతా మన టైలరు మాస్టారికీ, ఆయన భార్యకీ పని చూపించలేను. వాళ్ళిద్దర్నీ బట్టల ఫ్యాక్టరీ వాళ్ళు ఎప్పటినుంచో పిలుస్తున్నారు. మాస్టారు నాతో ఏమీ అనలేదు గానీ కత్తెర పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. ఆ ఇద్దరూ వెళ్ళిపోతే నాకు మిగిలేది కొట్టు కాదు, గుడ్డల గోడౌను.

నువ్వు ఆఫీసులో ఆ ఏఐతో ఉత్తరాలు రాయిస్తావుగా. నేనూ తెరిచా. "లాడ్జికి మంచి ఉత్తరం రాయి" అని కొట్టా. ఏం రాసిందో తెలుసా? "మీ లాడ్జిలో మా బస మరపురానిది, సిబ్బంది ఆదరణ అపూర్వం" అట. లాడ్జికి ఇంకా తలుపులే బిగించలేదు! ఇంకోసారి "కర్టెన్ల గురించి" అని చేర్చా. "మా ప్రపంచ స్థాయి సంస్థ మీ కలలకు రెక్కలు తొడుగుతుంది" అంది. నేను రెక్కలు కుట్టను తల్లీ, రింగులు కుడతాను. ఎలా అడిగితే ఇది మనిషిలా రాస్తుందో చెప్పు.

పలక మెళ్ళో వేసుకున్న
అన్నయ్య


ఆఫీసు, ఫిర్యాదుల టేబుల్

అన్నయ్యా,

నువ్వు మాట్లాడే రోజుల్లో వినలేక చచ్చాం, ఇప్పుడు చదవలేక చస్తాం. ముందు గొంతు జాగ్రత్త. వదిన కళ్ళు కప్పి గుసగుసలాడావో, నాకు తెలిసిపోతుంది. ఆవిడా నాకు ఉత్తరాలు రాస్తోంది మరి.

నువ్వు అడిగింది చూస్తే నాకు నవ్వాగలేదు. అడగందే అమ్మైనా పెట్టదు. నువ్వు అడిగావు, నిజమే, కానీ ఏం కావాలో చెప్పలేదు. ఇవాళే పనిలో చేరిన కొత్త గుమాస్తా అనుకో దాన్ని. చదువుకుంది, చేతి వేగం ఉంది, ఏ పనైనా కాదనదు. కానీ మన వీధి తెలీదు, నీ కొట్టు తెలీదు, లాడ్జి తెరిచారో లేదో తెలీదు. అలాంటి మనిషిని గుమ్మంలో నిలబెట్టి "మంచి ఉత్తరం రాయి" అంటే తనకి తోచిందేదో రాస్తుంది. మాస్టారికి పని ఎలా చెప్తావు? "మంచి కర్టెను కుట్టండి" అంటావా? కిటికీ ఎంత, గుడ్డేది, కుచ్చిళ్ళు ఎంత ఒత్తుగా ఉండాలి, లైనింగ్ ఉందా లేదా, అన్నీ చెప్తావుగా? అంతే. నువ్వెవరో చెప్పు, ఎవరికి రాస్తున్నావో చెప్పు, ఎందుకో చెప్పు, ఎంత పొడుగు కావాలో చెప్పు, ఏం రాయకూడదో అది కూడా చెప్పు. ఒక్కసారికి కుదరకపోతే కోప్పడకు, ఫలానా చోట మార్చు అని చెప్పు. కొలతకి సరిపోకపోతే కుట్టు విప్పి మళ్ళీ వేస్తాం, గుడ్డ పారేయం కదా.

ఇదిగో, ఇలా మొదలుపెట్టి చూడు:

"నేను చిన్న కర్టెన్ల కొట్టు నడుపుతాను. మా వీధి మూల మీద కొత్త లాడ్జి కడుతున్నారు, ఇంకా తెరవలేదు. గదుల కర్టెన్లన్నీ మేము కుట్టి ఇస్తామని దాని యజమానురాలికి ఉత్తరం రాయాలి. ఆవిడ సూటి మనిషి, తీరిక తక్కువ. ఒక పేజీ దాటొద్దు. వాడుక మాటల్లో ఉండాలి. ప్రపంచ స్థాయి, కలలు, రెక్కలు వద్దు. మా దగ్గర ఉన్నవి ఇవి..."

ఆ చుక్కల దగ్గర నీ వివరాలు నువ్వే నింపుకో. టైలర్లెంతమంది, ఎన్నాళ్ళు పడుతుంది, ఏ రకం గుడ్డ. అవి నాకు తెలీవు, దానికి అసలే తెలీవు.

బాస్ ఇటే వస్తున్నాడు. ఉంటా.

పిచ్చుక


కొట్టు, మాస్టారి మిషను పక్కన

పిచ్చుకా,

నువ్వు బంగారానివే! నీ గుమాస్తా చెప్పిన మాట వింటోంది.

ముందు చిన్న పనుల మీద చెయ్యి తిప్పుకున్నా. మన పాత గిరాకీ టీచరమ్మ లేదూ, ఉతికాక కర్టెన్లు పొట్టిగా అయిపోయాయని మండిపడుతూ మెసేజ్ పెట్టింది. నోరుంటే నవ్వించి పంపేవాణ్ణి. ఈ గుమాస్తాని "టీచరమ్మకి సర్దిచెప్పు" అన్నా. మూడు పేజీల క్షమాపణ రాసింది, నేనేదో కొంపలు ముంచినట్టు. అప్పుడు నీ పాఠం గుర్తొచ్చి మళ్ళీ అడిగా. "ఈవిడ మా పాత గిరాకీ, కోపంగా ఉంది. ఉతికితే గుడ్డ ముడుచుకుంటుందని తెలిసే అంచులో మడత ఎక్కువ పెట్టి కుట్టాం. అది విప్పితే పొడుగు సరిపోతుంది, ఊరికే చేసిస్తాం, మనిషిని పంపిస్తాం. నాలుగు లైన్లు చాలు. క్షమించమని ఒక్కసారే అను." ఎంత బాగా రాసిందనుకున్నావ్! టీచరమ్మ వెంటనే వచ్చేసింది, పొట్టి కర్టెన్లు పట్టుకుని, ఇంకో గదికి కొలతలు కూడా పట్టుకుని.

మీ వదిన కూడా నేర్చేసుకుంది. నేను లేనప్పుడు కూర్చుని, "మా ఆయన గొంతు బాగయ్యాక కూడా తక్కువ మాట్లాడాలంటే ఏం చేయాలి" అని అడిగిందట. నా వయసు, నా వ్యాపారం, నా అలవాట్లు, ఎవరెవరితో ఎంతసేపు మాట్లాడతానో అన్నీ వివరంగా ఇచ్చి మరీ! నీ పాఠం నాకన్నా ఆవిడకే బాగా అబ్బింది.

ఇక లాడ్జి ఉత్తరం. నీ చుక్కలు నింపా, రాయించా, రెండుసార్లు దిద్దించా, ఇచ్చేశా కూడా. నీకు చూపించి ఇద్దామనుకున్నా గానీ పొడుగాయన మళ్ళీ అటు వెళ్తూ కనిపించాడు, ఆగలేకపోయా. ఎలా ఉందో చూడు, ఒక ముక్క పంపుతున్నా:

"అనుభవం ఉన్న ఎనిమిది మంది టైలర్లతో, మీరు కోరిన ఏ రంగులోనైనా, ఆర్డరు ఇచ్చిన పది రోజుల్లో రెండంతస్తుల కర్టెన్లూ కుట్టి, బిగించి ఇస్తాం."

ఒక్క అనవసరపు మాట లేదు చూశావా? ఆర్డరు మనదే. రాసిపెట్టుకో.

అన్నయ్య


ఆఫీసు

అన్నయ్యా,

అది రాసింది చదివాను. బాగుంది. నాకు కావాల్సింది అది కాదు. నువ్వు దానికి ఏం చెప్పి రాయించావో, ఆ మాటలు పంపు. ఉన్నది ఉన్నట్టు పంపు.

పిచ్చుక


కొట్టు, షట్టరు సగం దించి

పిచ్చుకా,

నీకు వీపున కూడా కళ్ళుంటాయే.

ఇవిగో నేను నింపిన చుక్కలు: "మా దగ్గర ఎనిమిది మంది టైలర్లు. ఏ రంగు అడిగినా ఉంది. పది రోజుల్లో మొత్తం ఇస్తాం."

ఆగు, తిట్టేముందు విను. వ్యాపారమన్నాక ఎవడైనా ఉన్నది ఉన్నట్టు చెప్తాడా? మనం రెండింతలు చెప్తాం, అవతలివాళ్ళు సగం కోస్తారు, మధ్యలో ఎక్కడో కలుస్తాం. గిరాకీ వచ్చి "పదిరోజులా? కుదరదు కదా, నిజం చెప్పవయ్యా" అంటుంది. "సరేలేమ్మా, నెల వేసుకోండి" అంటాను. ఇద్దరం నవ్వుకుంటాం. ఇన్నేళ్ళుగా నేను చేసే వ్యాపారం అదే. నేను చెప్పింది నీ గుమాస్తా కొంచెమైనా కోస్తుంది, అది కోయంది మేడం కోస్తుంది అనుకున్నా. అది దారప్పోగంతైనా తగ్గించలేదే! ఎనిమిదంటే ఎనిమిదే రాసింది. నేను "టైలర్లు" అంటే అది "అనుభవం ఉన్న" అని పైన కుచ్చు కూడా పెట్టింది.

ఇవాళ మేడం మనిషిని పంపింది. ఆర్డరు మనకేనట! తేదీ కూడా వేసింది. పది రోజులే. బేరమాడలేదే పిచ్చుకా, ఒక్క మాటైనా బేరమాడలేదు!

మాస్టారు, ఆయన భార్య, వాళ్ళిద్దరే కదా మనకున్నది. వాళ్ళు రెక్కలు ముక్కలు చేసుకున్నా ఆ పది రోజుల్లో అర అంతస్తుకి మించదు. ఆర్డరు వచ్చిందని చెప్పగానే మాస్టారు ఎంత సంతోషపడ్డాడో. ఫ్యాక్టరీకి రానని కబురు పెట్టేశాడు. తేదీ సంగతి ఆయనకింకా చెప్పలేదు. మీ వదినకి చెప్పా. ఆవిడ పలక నా చేతిలోంచి లాక్కుని తన మాట రాసింది. నేను చెవిటివాణ్ణి కాదని గుర్తుచేయాల్సి వచ్చింది.

ఒక పని చేసిపెట్టు. టైలర్లలో ఆరుగురికి ఒకేసారి జ్వరాలొచ్చాయని, ఇంకొంచెం గడువు కావాలని మేడంకి నమ్మేలా ఉత్తరం రాయించాలి. ఎలా అడగాలో చెప్పు. నువ్వైతే చక్కగా అడుగుతావు.

అన్నయ్య


ఇంట్లో, వంటింటి బల్ల దగ్గర

అన్నయ్యా,

చెప్పను.

లేని మనుషులకి జ్వరాలు తెప్పిస్తావా? తర్వాత వాళ్ళని చూడ్డానికి మేడం పళ్ళు పట్టుకొస్తే ఎవర్ని పడుకోబెడతావు, నిన్నూ వదిననా?

అడిగితే ఆ గుమాస్తా జ్వరాల ఉత్తరం కూడా రాసేయొచ్చు. మాస్టారికి లేని ఎడమకాలి నొప్పితో సహా. దానికి నీ కళ్ళు కనపడవు, కొట్టు కనపడదు. గిరాకీ నీ మొహం చూసి సగం కోస్తుంది. కాయితం చూసి ఎవరూ కోయరు. నువ్వు చెప్పింది అది నమ్ముతుంది, అది రాసింది అవతలివాళ్ళు నమ్ముతారు. నేను రోజంతా కూర్చునే టేబుల్ ఏదనుకున్నావు? "తప్పకుండా", "ఖచ్చితంగా" అని రాసిచ్చిన మాటలే నా దగ్గరికి ఫిర్యాదులై తిరిగొస్తాయి. మా దగ్గర కొన్న అలమార కాలు విరిగిందని వచ్చేవాళ్ళు మామూలుగానే మాట్లాడతారు. రాసిచ్చి మాట తప్పారని వచ్చేవాళ్ళే గొంతు చించుకుంటారు.

నువ్వు గుమాస్తాని కబుర్లు చెప్పడానికి వాడావు. ఈసారి ప్రశ్నలు అడిగించుకో. ఇలా అడుగు: "నేను ఒకచోట ఎక్కువ చెప్పాను, ఇప్పుడు సరిదిద్దుకోవాలి. ఉత్తరం వెంటనే రాయకు. నీకు తెలియాల్సినవి ముందు నన్ను అడుగు, ఒక్కోసారి ఒక్కో ప్రశ్న." తను అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పు. తెలీకపోతే తెలీదను. రాశాక, "ఆ యజమానురాలివి నువ్వే అనుకుని చదువు, ఎక్కడ అనుమానం వస్తుందో చెప్పు" అను. అప్పటికీ అది చెప్పిందే వేదం అనుకోకు. దానికి మేడం తెలీదు. చివరికి చదివి చూసుకోవాల్సింది నువ్వే.

ఇంకో మాట. మాస్టారికి ఇవాళే చెప్పు. ఆయన నిన్ను నమ్మి ఫ్యాక్టరీ వదులుకున్నాడు. మేడం కన్నా ముందు ఆయనకి తెలియాలి.

భయపడకు. నువ్వు ఇంతకన్నా ఎక్కువ ముడిపడిన గుడ్డ విప్పడం నేను చూశాను.

పిచ్చుక


కొట్టు, కౌంటర్ వెనక

పిచ్చుకా,

అయింది! పూర్తిగా చెప్తా, టీ తెచ్చుకుని చదువు.

ముందు మాస్టారికి పలక మీద రాసి చూపించా. ఆయన చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఎనిమిది మంది అని రాశారుగా, నన్ను నలుగురిగా లెక్కేశారా, మా ఆవిడని నలుగురిగా లెక్కేశారా?" అన్నాడు. ఆవిడ మిషను ఆపకుండానే, "నన్ను ఏడుగురిగా వేసుంటారు" అంది. హమ్మయ్య, తిట్లయితే తప్పాయి.

తర్వాత నువ్వు చెప్పినట్టే అడిగా. ఇక ప్రశ్నలు మొదలెట్టింది చూడు, పిల్లనివ్వడానికి వచ్చినవాళ్ళు కూడా అన్ని అడగరు. కుట్టేవాళ్ళు నిజంగా ఎంతమంది? రోజుకి ఎన్ని గదులవి అవుతాయి? గుడ్డ చేతిలో ఉందా, తెప్పించాలా? వీటన్నిటికీ టకటకా చెప్పా. అప్పుడు అడిగింది: "లాడ్జి గదులన్నీ ఒకేరోజు తెరుస్తున్నారా?"

అది నాకు తెలీదు! ఇంత వ్యాపారం చేశానా, ఆ ఒక్క ముక్క ఆవిడని అడగనే లేదు. నా గొప్పలు చెప్పుకునే తొందరలో ఆవిడకి ఏం కావాలో వదిలేశా. "తెలీదు" అని కొట్టా. "అయితే అది కనుక్కున్నాక రాయడం మంచిది" అంది. ఉత్తరం అక్కడే ఆపి, కొత్త లెక్కలు మాత్రం ఒక కాయితం మీద వేయించుకుని, పలక మెళ్ళో వేసుకుని బయల్దేరా.

లాడ్జిలో ఎక్కడ చూసినా రంగుల వాసన. మేడం బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుని కొత్త కుళాయిలు ఒక్కోటీ తిప్పి చూస్తోంది. కాయితం ఇచ్చా. చదివింది.

"ఎనిమిది మంది ఇద్దరయ్యారేంటి? మిగతా ఆరుగురూ ఏమయ్యారు?"

పలక మీద రాశా: "లేరు. ఎప్పుడూ లేరు."

"మరెందుకు రాశారు?"

"మీరు సగం కోస్తారనుకున్నా."

ఆవిడ కుళాయి కింద పెట్టింది. "కోశానయ్యా! నేనూ వ్యాపారంలో పుట్టి పెరిగినదాన్నే. ఎనిమిదంటే నలుగురుంటారు, పది రోజులంటే ఇరవై అవుతుంది అనుకునే ఆ పది రోజుల తేదీ వేశా. మీరు నా సగంలో కూడా సగమే తేలారు కదా!"

పలక తుడిచి, "గదులన్నీ ఒకేరోజు తెరుస్తారా?" అని రాశా.

ఆవిడ నా మొహం వైపు చూసింది. "ఇది మొదటే అడిగుంటే ఈ గొడవే లేదుగా. కింద అంతస్తు ముందు తెరుస్తాం. పైన ఇంకా కరెంటు పనే అవలేదు."

కింద అంతస్తు మటుకు మనం ఇరవై రోజుల్లో ఇవ్వగలం. మాస్టారితో మాట్లాడుకునే వచ్చాను కాబట్టి అదే రాశా. ఆవిడ నా పాత ఉత్తరం తెప్పించి, అడ్డంగా చింపి, రంగు తుడుచుకునే గుడ్డల్లో పడేసింది. "కింద అంతస్తు మీది. పైది ఎదురు కొట్టాయనకి ఇస్తున్నా. ఆయనా పది రోజులనే రాశాడు. ఆయన మాటెలా ఉంటుందో చూద్దాం. మీరు రాసిచ్చింది ఒక్కరోజు దాటినా ఆ గది కిటికీకి మిమ్మల్నే వేలాడదీస్తా."

సగం ఆర్డరు పోయింది. నిజమే. కానీ మాస్టారికీ, ఆయన భార్యకీ ఇప్పటికైతే చేతినిండా పని దొరికింది. కొట్టుకొచ్చాక, మాట్లాడుకున్నవన్నీ చెప్పి గుమాస్తాతో ఒప్పంద పత్రం రాయించా. ఈసారి ఎక్కడా కుచ్చులు పెట్టనివ్వలేదు. "అనుభవం ఉన్న" అని మళ్ళీ పెట్టబోయింది, మాస్టారే తీసేయమన్నాడు. "కుట్టు చూస్తే తెలీదా" అన్నాడు.

అన్నయ్య


ఆఫీసు, ఫిర్యాదుల టేబుల్

అన్నయ్యా,

నీ ఉత్తరం పక్క టేబుల్ ఆవిడకి చదివి వినిపించా. "మీ అన్నయ్యని మా దగ్గర పనిలో పెట్టుకోవచ్చు కదా, మాట్లాడకుండా ఇంత పని సాధించాడు" అంది. పరువు నిలబెట్టావు.

పై అంతస్తు పోయిందని బాధపడకు. ఆయన పది రోజులు ఆయన చూసుకుంటాడు.

పిచ్చుక


కొట్టు, ముందు బెంచీ మీద

పిచ్చుకా,

మేడం నిన్న ఇంకో కాయితం మీద సంతకం పెట్టింది. దాని మీద మా పేర్లు రెండున్నాయి, నాదీ, పొడుగాయనదీ. నవ్వకు, చెప్తా.

కింద అంతస్తు తేదీకి ముందే బిగించేశాం. బాగా వచ్చింది, గుడ్డ జారుడు చూస్తే నీళ్ళు పారుతున్నట్టుంది. అది అయిన మర్నాడు పొడుగాయన వీధి దాటి మన కొట్లోకి వచ్చాడు. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. వచ్చి నిలబడ్డాడు. నేను మాట్లాడలేను కదా. ఎదుటి మనిషి ఏమీ అనకపోతే ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. కాసేపు పరదాలు చూశాడు, కాసేపు ఫ్యాను చూశాడు, ఇక ఆ నిశ్శబ్దం భరించలేక అన్నీ కక్కేశాడు. ఆయనా ఏఐతోనే రాయించాడట. ఆరుగురు టైలర్లు అన్నాడట. ఉన్నది ముగ్గురు, అందులో ఒకడు పని మానేశాడు. పైన కరెంటు పని అయి, ఆయన గడువు మొదలై వారమైనా ఒక్క గది కూడా పూర్తవలేదు.

"మీరు దాన్ని బాగా అడుగుతారట కదా. కరెంటు పోయి మిషన్లు ఆగిపోయాయని మేడంకి ఒక ఉత్తరం రాయించి పెడతారా?" అన్నాడు.

మొదట నాకు ఎంత హాయిగా అనిపించిందో నీ దగ్గర దాచను. కానీ మొహం చూస్తే పాపం పాలిపోయి ఉంది. పలక మీద రాశా: "అబద్ధం చెప్పినా అది చక్కగా రాసేస్తుంది. దాంతో వచ్చిన చిక్కే అది."

ఆయన నవ్వలేదు. బెంచీ మీద కూలబడ్డాడు.

మాస్టారి వైపు చూశా. కింద అంతస్తు పని అయిపోయింది, ఆయన చేయి ఖాళీగానే ఉంది. పై అంతస్తు కలిసి కుడదామన్నట్టు ఆయన తలూపాడు. ఆయన భార్య, "మమ్మల్ని మాత్రం ఇద్దరుగానే రాయండి" అంది.

కంప్యూటరు బెంచీ మీద పెట్టి, పొడుగాయన పక్కన కూర్చుని ఎలా అడగాలో చూపించా. మనం ఎవరం, ఎవరికి రాస్తున్నాం, నిజంగా మన దగ్గర ఏముంది, ఏం లేదు, ఇవన్నీ చెప్పి, ఉత్తరం ముందు వద్దు, ప్రశ్నలు అడుగు అన్నాం. ఆయన టైలర్లు ఎంతమంది, మన టైలర్లు ఎంతమంది, గుడ్డ ఎవరిది, కత్తిరింపు ఏ కొట్లో, బిగించేదెవరు, అన్నీ అడిగింది. ఆయన చెప్తుంటే నేను టైపు చేశా. ఒకసారి ఆయన "నలుగురు" అన్నాడు. నేను వేళ్ళు ఆపి చూశా. "ఇద్దరులే" అన్నాడు.

అన్నీ అయ్యాక చివరి ప్రశ్న వచ్చింది: "ఎక్కడైనా ఆలస్యమైతే, యజమానురాలు మీలో ఎవరిని అడగాలి?"

నేను పొడుగాయన వైపు చూశా, ఆయన నా వైపు చూశాడు. కంప్యూటరు ఆయన వైపు జరిపా.

ఆయన ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు: "ఇద్దరినీ."

అన్నయ్య